ఏలినాటి శని మొదలైందన్నారు: జాతకం చూపించుకోవడం నుంచి చీటీ డబ్బు చేతికొచ్చేదాకా నా అనుభవం

2025 ఉగాదికి ముందురోజు, మార్చి 29న, శని కుంభం నుంచి మీనంలోకి మారాడు. మర్నాడు మా వీధి గుళ్లో పంచాంగ శ్రవణం. విశ్వావసు నామ సంవత్సరంలో మేష రాశికి ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 5, అవమానం 7 అని చదివి, ఏడున్నరేళ్లుండే ఏలినాటి శని కూడా ఇప్పుడే మొదలైందని పంతులుగారు చెప్పారు. నాది భరణి నక్షత్రం, మేష రాశి. ఆ మాట విన్నాక భయం కంటే ముందు ఊరట కలిగింది. అప్పటికి చాలా నెలలుగా నాకు ఏడుపు రావడం లేదు, సంతోషమూ రావడం లేదు. స్కూల్లో పాఠం చెప్పి రావడం, వంట చెయ్యడం, రాత్రి రెండింటిదాకా కళ్లు తెరుచుకుని పడుకోవడం, అంతే. ఏమైందని ఎవరైనా అడిగితే చెప్పడానికి కారణం ఉండేది కాదు. ఇప్పుడు ఇంట్లో అందరూ ఒప్పుకునే కారణం ఒకటి దొరికింది. "దానికి శని నడుస్తోందిరా, కాస్త ఊపిరి తీసుకోనియ్యండి" అని మా అత్తగారే మా ఆయనతో అన్నారు.

ఆ ఉగాది నుంచి మార్గశిరం దాకా ఏ పని తర్వాత ఏ పని జరిగిందో, దేనికి ఎంతయిందో, ఎక్కడ పని ఆగిపోయిందో రాస్తున్నాను. ఇలాగే చిక్కుబడి ఉన్న ఆడవాళ్లకి జాతకం చూపించుకోవడమే మొదటి అడుగు అవుతుంది చాలాసార్లు, ఎందుకంటే ఇంట్లో దానికి అభ్యంతరం చెప్పరు. ఆ అడుగు వృథా పోకూడదన్నదే నా తాపత్రయం.

మొదట కావలసింది పుట్టిన వేళ. జనన ధ్రువీకరణ పత్రంలో తేదీ, ఊరు ఉంటాయి, వేళ ఉండదు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం దాచిపెట్టిన ఇళ్లు తక్కువ. మా అమ్మకి గుర్తున్నది "కృష్ణాష్టమికి రెండ్రోజుల ముందు, దీపాలు పెట్టేశాక, ఏడున్నర ప్రాంతం" అని. ఏలినాటి శని ఉందో లేదో తెలియడానికి అంత మాత్రం చాలు. చంద్రుడు ఒక రాశిలో రెండు రోజుల పైనే ఉంటాడు కాబట్టి, రాశి మారే రోజున పుడితే తప్ప వేళలో గంటా గంటన్నర తేడా వచ్చినా జన్మరాశి, అంటే పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి, మారదు. లగ్నం, అంటే పుట్టిన వేళకి తూర్పున ఉదయిస్తున్న రాశి, అలా కాదు, సుమారు రెండు గంటలకోసారి మారిపోతుంది. సూర్యోదయానికి సూర్యుడున్న రాశే లగ్నం, సూర్యాస్తమయానికి దానికి ఏడో రాశి. నేను పుట్టింది ఆగస్టు చివర, సూర్యుడు సింహంలో ఉండగా. అంటే పొద్దుగూకే వేళకి కుంభ లగ్నం నడుస్తూ ఉంటుంది. అమ్మ చెప్పిన ఏడున్నర పెట్టి చూస్తే మీన లగ్నం వస్తోంది.

చివరికి అమ్మమ్మ ట్రంకు పెట్టెలో, నాలుగు మూలలా పసుపు పెట్టిన కాగితం మీద తాతగారు రాసిన చక్రం దొరికింది. అందులో గంటలు లేవు, "సూర్యోదయాది 32 ఘడియల 30 విఘడియలు" అని ఉంది. ఘడియ అంటే 24 నిమిషాలు, 60 విఘడియలు ఒక ఘడియ. ముప్పై రెండున్నరని 24తో గుణిస్తే 780 నిమిషాలు, సరిగ్గా 13 గంటలు. ఆ రోజు విశాఖలో సూర్యోదయం పొద్దున్న 5.42. కాబట్టి పుట్టింది సాయంత్రం 6.42కి. కుంభ లగ్నం. మీ ఇంట్లో పాత చక్రం ఉంటే ఇలా లెక్క కట్టుకోండి, ఊరి సూర్యోదయం మాత్రం ఆ తేదీదే తీసుకోవాలి. కంప్యూటర్లో వేయించేటప్పుడు ఊరు విశాఖపట్నం అని ఎంచుకుని మామూలు గడియారం టైమే ఇవ్వాలి. స్థానిక కాలానికని మనం మూడు నాలుగు నిమిషాలు కలిపితే లెక్కలో అది రెండుసార్లు పడుతుంది. జగదాంబ దగ్గర ఒక ప్రింటు షాపులో నలభై పేజీల జాతకం మూడొందలకి వేయించాను. అందులో మనకి కావలసింది మొదటి నాలుగైదు పేజీలే. మిగతాదంతా ఎవరి జాతకంలోనైనా కనిపించే మాటలే, అవి చదివి బెంగపడొద్దు.

ఏప్రిల్‌లో బంధువులు చెప్పిన ఒకాయన దగ్గరకి ముందు వెళ్లాం. అయిదొందలు ఫీజు. కాగితం పూర్తిగా తిప్పకుండానే మాంగల్యానికి దోషం అన్నారు. నెలలోపు నీలం ఉంగరం, శని హోమం, రెండూ కలిపి నలభై ఎనిమిది వేలు అన్నారు. రాయికి ల్యాబు సర్టిఫికెట్ ఉందా అంటే "నా మాటే సర్టిఫికెట్" అని జవాబు. బయటికొచ్చాక కాళ్లు వణికాయి. అప్పటికే మనసు బాగోలేని మనిషికి భర్త ప్రాణం అడ్డం పెట్టి మాట్లాడితే ఎంత నష్టమో ఆ వారం రాత్రుళ్లు తెలిసింది. ఇది చాలా మంది ఆడవాళ్లకి జరుగుతోంది. గడువు పెట్టి, ఇంట్లోవాళ్ల ప్రాణం మాట ఎత్తి, అదే నోటితో ధర చెప్పేవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చెయ్యండి. నిజంగా రాయి కొనుక్కోదలిస్తే ల్యాబు సర్టిఫికెట్లో రాయి సహజమా కాదా, వేడి చేసిందా లేదా అన్నది రాసి ఉంటుంది. ధరలో తేడా అంతా అక్కడే.

రెండోసారి మా స్కూలు టీచరొకావిడ మద్దిలపాలెం దగ్గరుండే సిద్ధాంతిగారి నంబరు ఇచ్చారు. ఫోన్ చేస్తే మూడు వారాల తర్వాత రమ్మన్నారు. ఏప్రిల్ చివర్లో వైశాఖం వచ్చేస్తోంది, పెళ్లి ముహూర్తాల వాళ్లతో ఊపిరాడని రోజులు. తొందరగా కావాలంటే ఆషాఢంలో అడగడం మేలు, ఆ నెలలో సిద్ధాంతులు కాస్త ఖాళీగా ఉంటారు, మన మాట నిదానంగా వింటారు. నేను ఆగలేక ఇచ్చిన రోజుకే వెళ్లాను. దక్షిణ వెయ్యి నూట పదహార్లు, వక్క తాంబూలంలో పెట్టి ఇచ్చాను. సుమారు గంటసేపు కూర్చోబెట్టారు. ఫోన్లో రికార్డు చేసుకుంటానంటే సరే అన్నారు. రికార్డు చేసుకోవడం చాలా అవసరం. అక్కడ విన్నదాంట్లో సగం మనకి గుర్తుండదు, గుర్తున్న సగంలో భయపెట్టే మాటలే ఎక్కువ.

ఆయన ముందు అడిగింది గ్రహాల గురించి కాదు. "రాత్రి ఎన్నింటికి నిద్ర పడుతోంది తల్లీ? ఆకలేస్తోందా? నెలసరి సక్రమంగా వస్తోందా?" అని. ఆ తర్వాత కాగితం మీద చక్రం గీసి చూపించారు. నా చంద్రుడు మేషంలో ఉన్నాడు, శని ఇప్పుడు మీనంలో, అంటే చంద్రుడికి పన్నెండింట. పన్నెండో భావం, అంటే పన్నెండో గడి, వ్యయానికీ నిద్రకీ స్థానం. లగ్నం కుంభం కాబట్టి అక్కణ్ణించి లెక్కేస్తే అదే శని రెండింట. రెండో భావం ధనం, వాక్కు, కుటుంబం. మీన లగ్నమే అయ్యుంటే శని లగ్నం మీదే ఉండేవాడు, చెప్పే మాటంతా శరీరం చుట్టూ తిరిగేది. పాత కాగితం వెతికిన శ్రమకి అక్కడ ఫలితం కనిపించింది. "మనసులో మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోందా అమ్మా?" అన్నారు. నాకు గొంతు పట్టేసింది.

తేదీల గురించి అడిగాను. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు, జన్మరాశికి ముందుది, జన్మరాశి, తర్వాతిది, ఈ మూడు రాశులకి ఏడున్నరేళ్లు. 2027 జూన్‌లో మేషంలోకి వస్తాడు, నాకు మొత్తం పూర్తయ్యేది 2032లో. యూట్యూబులో ఒకాయన మార్పు 2026లో అంటున్నారే అని అడిగితే, ఆకాశంలో గ్రహం కనిపించే చోటుని బట్టి కట్టే దృక్ లెక్కకీ, పాత సూత్రాలతో కట్టే వాక్య పంచాంగానికీ తేడా అది, పుదుచ్చేరి రాష్ట్రం కారైకాల్ దగ్గర తిరునల్లార్ శనీశ్వరాలయం వాళ్లు వాక్య పద్ధతిలో 2026 మార్చి అంటారు, ఒక పద్ధతి పట్టుకుని దాంట్లోనే ఉండమన్నారు. 2025 జూలై 13 నుంచి నవంబరు 28 దాకా శని వక్రం, అంటే వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తాడు, ఆ నెలల్లో కొత్తవి తలకెత్తుకోకుండా పాత బాకీలు, ఆగిపోయిన మాటలు తేల్చుకోమన్నారు. నీలం గురించి అడిగాను. నాది కుంభ లగ్నం, లగ్నాధిపతి శనే కాబట్టి పెట్టుకోవచ్చనేవాళ్లు ఉంటారనీ, దానికి అప్పు చెయ్యాల్సిన అవసరం లేదనీ చెప్పారు. శనివారం నువ్వుల నూనె దీపం, నవగ్రహాలకి ప్రదక్షిణ, ఓపికుంటే శని శ్లోకం. శని జపసంఖ్య 19 వేలు, జాతకంలో శని వంతు కాలం, అంటే మహాదశ, 19 ఏళ్లు కాబట్టి. అది బ్రాహ్మణుల చేత చేయించాలనుకుంటే ఖర్చు, మనం చేసుకుంటే రోజుకి 108 చొప్పున ఆరు నెలల్లో అవుతుంది. లేచేముందు "ముందు రక్తపరీక్ష చేయించుకో, ఆ కాగితం చూశాకే దీపం మాట" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయనకి నేనెప్పుడూ రుణపడి ఉంటాను.

మే నెలలో పరీక్షలు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12, విటమిన్ డి, అన్నీ కలిపి రెండు వేల లోపు. పొద్దున్న రక్తం ఇస్తే సాయంత్రానికి వాట్సాప్‌లో వచ్చేశాయి, బి12 మాత్రం మర్నాడు. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.1. ఆడవాళ్లకి 12 ఉండాలి. నెలసరి ఎక్కువగా అవుతోందని నేను ఎవరికీ చెప్పలేదు, అది మామూలే అనుకునేదాన్ని. ఐరన్ మాత్రలు రాశారు. వేసుకునేవాళ్లు గుర్తుంచుకోవలసినవి: టీ, కాఫీ, పాలు మాత్రకి ముందూ వెనకా గంటైనా ఎడంగా ఉండాలి, నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది, విరేచనం నల్లగా అవుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. మలబద్ధకం చేసి చాలా మంది రెండో వారానికే మానేస్తారు. మానకుండా డాక్టరుని అడిగితే మందు మారుస్తారు. లెక్క 12కి చేరాక కూడా నిల్వ కోసం మరో మూడు నెలలు వాడాలి.

అదే డాక్టరమ్మ తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు, పీహెచ్‌క్యూ-9 అంటారు. గడచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, నీరసం ఎలా ఉన్నాయో ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా వెయ్యాలి, మొత్తం 27. పదీ, అంతకంటే ఎక్కువా వస్తే పట్టించుకోవాలి. నాకు 13 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపిస్తోందా అని. దానికి సున్నా కాకపోతే ఏ శనివారం కోసమూ ఆగకూడదు, ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. టెలీమానస్ నంబరు 14416 ఉంది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బు అక్కర్లేదు, ఇరవై నాలుగ్గంటలూ తెలుగులో మాట్లాడతారు. నేను ఆదివారం మధ్యాహ్నం మేడ మీదకెళ్లి చేశాను. భాష ఎంచుకున్నాక కాసేపటికే ఒకమ్మాయి ఎత్తింది. పేరు చెప్పమని బలవంతపెట్టలేదు. జాతకం, శని అని చెబితే కొట్టిపారెయ్యలేదు, "శనివారం ఎలాగూ గుడికి వెళ్తారు కదండీ, ఆ రోజే కూర్చుని రాసుకోండి" అంది. మాటలతో తగ్గకపోతే సైకియాట్రిస్టుని చూడమని, మనకి చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉందని గుర్తుచేసింది.

రాసుకోవడం అన్నదాన్ని సిద్ధాంతిగారి చక్రంతో కలిపాను. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, నాకు పనిచేసింది ఇదే.

రెండొందల పేజీల లాంగ్ నోటు పుస్తకం. ఒక్కో శనివారానికి ఎదురెదురు రెండు పేజీలు. ఎడమ పేజీ మీద మన రాశిచక్రం గీసుకోవాలి: నాలుగు అడ్డం, నాలుగు నిలువు, మధ్య నాలుగు గళ్లు ఖాళీ, చుట్టూ పన్నెండు. పైన ఎడమ మూల మీనం, దాని పక్క మేషం, అలా గడియారం తిరిగే దిక్కున. లగ్నమున్న గడిలో 1 వేసుకుని అక్కణ్ణించి 12 దాకా అంకెలు. లగ్నం తెలియకపోతే చంద్రుడున్న రాశిని 1 అనుకోవచ్చు. ఒకటి ఒళ్లు. రెండు డబ్బు, మాట, కుటుంబం. మూడు తోబుట్టువులు, ధైర్యం. నాలుగు అమ్మ, ఇల్లు, సుఖం. అయిదు పిల్లలు, చదువు. ఆరు జబ్బు, అప్పు, తగాదా. ఏడు భర్త. ఎనిమిది ఎవరికీ చెప్పనివి. తొమ్మిది నాన్న, పెద్దలు, అదృష్టం. పది ఉద్యోగం. పదకొండు స్నేహాలు, రాబడి. పన్నెండు ఖర్చు, నిద్ర, దూరాలు.

ప్రతి గడిలో ఆ వారం బరువెంతో అంకె, సున్నా నుంచి మూడు. మూడు పడ్డ గడి గురించి మాత్రమే కుడి పేజీలో రాయాలి. అక్కడ మూడు వాక్యాలు చాలు: ఏం జరిగింది, నాకేం కావాలి, వచ్చే శనివారం లోపు పావుగంటలో అయ్యే పని ఏది. వాక్యం "నేను" తోనో "నాకు" తోనో మొదలవ్వాలి. "ఆయన ఎప్పుడూ ఇంతే" అని మొదలైతే పేజీ నిండిపోతుంది గాని చెయ్యడానికి పని ఏదీ దొరకదు.

ఎక్కడ చెడుతుందంటే, రోజూ రాస్తే. రోజూ రాసినప్పుడు అదే గాయాన్ని గోక్కోవడం అవుతుంది, రాత్రికి నిద్ర ఇంకా పోతుంది. వారానికి ఒకసారి, వెలుతురు ఉండగానే, ఇరవై నిమిషాలు. పన్నెండింటికీ మూడే పడుతున్న వారం కూడా వస్తుంది. దానికి పేజీ మూల నెలసరి తేదీ రాసుకోండి. నాకు అలాంటి వారాలన్నీ నెలసరికి ముందువే అని శ్రావణానికల్లా బయటపడింది. ఆ వారాల్లో ఏ నిర్ణయమూ తీసుకోకూడదని నియమం పెట్టుకున్నాను. పుస్తకం ఎవరైనా చదువుతారని భయముంటే ఎనిమిదో గడిలో అంకె వేసి వదిలెయ్యండి, మాట రాయక్కర్లేదు.

నేను ఏడో గడే బరువనుకున్నాను. జూలైలో వక్రం మొదలయ్యాక వెనక్కి పేజీలు తిప్పితే ఏడు ఒకటి, రెండు మధ్యే ఉంది. ప్రతి శనివారం మూడు పడుతున్నది రెండో గడి. దాని ఎదురుగా రాసిన పని కూడా ఒకటే, "చీటీ సంగతి అడగాలి". నా జీతంలోంచి నెలనెలా మా పెద్ద ఆడపడుచు దగ్గర చీటీ కడుతున్నాను. ఎప్పుడు పాడాలో, డబ్బు ఎవరి చేతికి రావాలో ఇంట్లో మిగతావాళ్లే మాట్లాడుకునేవారు. అడిగితే గొడవవుతుందని నేను నోరు మెదపలేదు. పావుగంట పనిగా దాన్ని ముక్కలు చేశాను. ఒక వారం కట్టిన వాయిదాలన్నీ కాగితం మీద రాయడం. ఇంకో వారం నా పేరు మీద మాత్రమే ఉండే పొదుపు ఖాతా తెరవడం. ఆ తర్వాత చెప్పాల్సిన మాటని పుస్తకంలో రాసి, వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు పైకి చదవడం. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతానికి వదిన వాయనం తీసుకోవడానికి వచ్చింది. శనగలు మూట కడుతూ చెప్పాను: "వదినా, ఈ శ్రావణంలో చీటీ నేనే పాడుకుంటాను. డబ్బు నా ఖాతాలో వెయ్యండి, నంబరు ఇస్తాను." ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, "దానికేటమ్మా, నీ చీటీ నీదే కదా, తమ్ముడే ఎప్పుడూ అడిగేవాడు" అంది. నేను ఏళ్లుగా ఊహించుకున్న గొడవ జరగలేదు. మా ఆయన రెండ్రోజులు ముభావంగా ఉన్నారు, అదీ పోయింది.

గుడి విషయం. శనివారం నవగ్రహాల దగ్గర రద్దీ తొమ్మిది నుంచి ఎక్కువ, ఆరింటికల్లా వెళ్తే ప్రదక్షిణ ప్రశాంతంగా అవుతుంది. నేల మీద నూనె పడి జారుతుంది, చీర కాస్త ఎత్తి కట్టుకోండి. "దీపారాధన నూనె" అని అమ్మే సీసాల్లో చాలావాటిలో నువ్వుల నూనె పేరుకి మాత్రమే ఉంటుంది, లేబులు తిప్పి చదవాలి. పూర్ణా మార్కెట్లో గానుగ నూనె లీటరు నాలుగొందల పైన పడింది, నెలలు వచ్చింది. నల్ల నువ్వులు వంద గ్రాములు చాలు. శనికి శ్రమ చేసేవాళ్లు, ముసలివాళ్లు ప్రీతి అంటారు. హోమానికి పెట్టదలచిన డబ్బులో కొంత తీసి, మా వీధి ఊడ్చే అమ్మలకి వానాకాలం ముందు గొడుగులు, చెప్పులు కొన్నాను. కోనసీమలో మందపల్లి మందేశ్వరస్వామి గుడిలో తైలాభిషేకం చేయించమని చాలామంది అన్నారు. శని త్రయోదశి రోజుల్లో అక్కడ విపరీతమైన జనం. అక్టోబరు 18 శని త్రయోదశి అయినా నేను ఆ రోజు వద్దనుకుని మామూలు శనివారం వెళ్లాను. రాజమండ్రి దాకా రైలు, అక్కణ్ణించి బస్సు, పొద్దున్న బయల్దేరితే రాత్రికి ఇంటికి చేరొచ్చు. తోవలో చాలాకాలం తర్వాత ఆకలేసి, అడిగి మరీ తిన్నాను.

సెప్టెంబరులో హిమోగ్లోబిన్ 11.4. అదే తొమ్మిది ప్రశ్నల కాగితం మళ్లీ రాస్తే 6. ఎంత ఐరన్ వల్ల, ఎంత శనివారాల వల్ల, ఎంత వదినతో మాట్లాడటం వల్ల అని విడదీసి చెప్పలేను. నిద్ర మాత్రం పదకొండున్నరకి పడుతోంది. చీటీ డబ్బు వచ్చాక అందులోంచి గైనకాలజిస్టు దగ్గర స్కానింగ్ చేయించుకున్నాను, గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్ (గడ్డ) ఉందని తేలింది, ఆర్నెల్లకోసారి చూసుకుంటే చాలన్నారు. నెలసరి ఎక్కువవుతున్నవాళ్లు ఈ స్కాన్ ముందే చేయించుకోండి, రక్తం ఎందుకు తగ్గుతోందో తెలియకుండా మాత్రలు మింగితే మళ్లీ తగ్గుతుంది.

మొత్తం ఖర్చు, మందపల్లి ప్రయాణం, స్కానింగ్, మందులతో కలిపి, పదకొండు వేల చిల్లర. ఆ మొదటాయన అడిగినదాంట్లో నాలుగో వంతు కూడా కాదు.

నవంబరు 28న వక్రం ముగిశాక మార్గశిర గురువారం ఒకటి చూసుకుని బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరకి వెళ్లి, చేతులారా పసుపు కుంకుమ వేసి వచ్చాను. పుస్తకంలో ఇప్పుడు మూడు పడుతున్నది పదో గడి. పదేళ్లుగా అదే స్కూలు, అదే జీతం. కుడి పేజీలో ఈ వారం పని రాసుకున్నాను: బీఈడీ సర్టిఫికెట్లు, అనుభవ పత్రాలు స్కాన్ చేయించి ఒకే ఫోల్డరులో పెట్టడం. అది పావుగంటలో అయ్యేది కాదు, కాబట్టి ఈ శనివారానికి అలమార పైనుంచి ఫైలు దింపడం వరకే.